పాతది కాదు, అప్పటిది

ఈ సభకు అధ్యక్షత వహిస్తున్న రంగశాల మేనేజరు గారికి, ఆయన పక్కన కూర్చుని నా వంక ఒక కన్నూ, మా తమ్ముడి ఒడి వంక ఒక కన్నూ వేసి చూస్తున్న దర్శకురాలమ్మకి, ముందు వరసలో ఉన్న నటీనటులకి, వెనక గోడకి ఆనుకుని నిలబడ్డ దీపాలవాళ్ళకి, తెర లాగేవాళ్ళకి, కుట్టుపనివాళ్ళకి, అందరికీ నమస్కారం. పెద్దలకు నమస్కారం అని కూడా అనాలట, మా మరదలు నిన్నటి నుంచీ చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతోంది. హాలంతా వెతికి చూశాను. నాకంటే పెద్దవాళ్ళు ఒక్కరూ కనబడలేదు. కాబట్టి ఆ నమస్కారం నాకు నేనే పెట్టుకుంటున్నాను. (నవ్వులు)

నేనెవరో తెలియనివాళ్ళు కూడా ఉంటారు కదా. ఇవాళ మీరు ఉద్యోగం నుంచి సాగనంపుతున్న పాలిష్ మాస్టారికి నేను అక్కని. మీరందరూ ఆయన్ని అద్దం మాస్టారు అంటారు, ఆయన చెయ్యి పడిన చెక్కలో మొహం చూసుకోవచ్చని. సభలో తమ్ముణ్ణి పట్టుకుని వాడూ వీడూ అంటే బాగుండదని ఇంటి దగ్గర ఒకటికి రెండుసార్లు 'ఆయన, ఆయన' అని అలవాటు చేసుకుని వచ్చాను గానీ, నా వల్ల కాదు. ముక్కు తుడిచి పెంచినవాణ్ణి ఆయన అనాలంటే నాలుక మడత పడుతోంది. నాకు వాడు చిన్నోడే. అదిగో, తల దించుకున్నాడు చూశారా, ఆ చిన్నోడే.

అసలు ఇవాళ మాట్లాడాల్సింది వాడు. వాడు మాట్లాడడని మీకూ తెలుసు, నాకూ తెలుసు. నోట్లో నాలుక లేనివాడు. అందుకని మేనేజరు గారు నన్ను పిలిచి, "అమ్మా, మీరు రెండు మాటలు చెప్పండి, క్లుప్తంగా" అన్నారు. ఆ 'క్లుప్తంగా' అన్న మాట నాకు సరిగ్గా వినబడలేదు బాబూ, నా వయసుకి కొన్ని మాటలు వినబడవు. (నవ్వులు)

ఇంకొక సంగతి కూడా ముందే చెప్పేస్తాను. నన్ను మాట్లాడమని మేనేజరు గారు ఒక్కరే అడగలేదు. పొద్దున దర్శకురాలమ్మ కూడా నన్ను పక్కకి తీసుకెళ్ళి రెండు చేతులూ పట్టుకుంది. "అమ్మా, రేపు నాటకం మొదలు. తుపాకీ ఇంకా నా చేతికి రాలేదు. అడిగితే ఇంకొక్క చెయ్యి వెయ్యాలి అంటున్నారు. ఆ ఒక్క చెయ్యి వేస్తే ఏమవుతుందో నాకు భయంగా ఉంది. మీరే ఎలాగైనా ఇప్పించాలి" అంది. చిన్నోడి ఒళ్ళో పసిపిల్లని పెట్టుకున్నట్టు గుడ్డలో చుట్టి ఒకటి ఉంది, మీరంతా చూస్తూనే ఉన్నారు, మర్యాదకి అడగట్లేదు. అది అదే. కాబట్టి నేను ఇక్కడ నిలబడింది వాణ్ణి పొగడటానికి కాదు, వాడి ఒళ్ళోంచి దాన్ని లేపడానికి. ఆ పని అయ్యేదాకా నేనీ మైకు వదలను. ఎవరికైనా బస్సు ఉంటే ఇప్పుడే లేవండి, ఏమీ అనుకోను.

ముందు వీడి పాలిష్ పిచ్చి గురించి చెప్పాలి. అది తెలియకపోతే మిగతాది మీకు ఎక్కదు.

మా మరదలు కాపరానికి వచ్చిన కొత్తలో నాకు చెప్పిన మొదటి మాట ఏమిటో తెలుసా? "వదినా, మీ తమ్ముడు మంచివాడే గానీ, ఆ ఇంట్లో నడవాలంటే గోడ పట్టుకోవాలి" అంది. మంచం కోళ్ళు పాలిష్, పీటలు పాలిష్, రొట్టె కర్ర పాలిష్. ఆఖరికి చీపురు కర్ర కూడా పాలిష్! దానితో ఊడుస్తుంటే చేతిలోంచి జారిపోయి గుమ్మం దాటి వెళ్ళి పక్కింటాయన కాళ్ళ మీద పడింది. ఆయన చీపురు తిరిగి ఇస్తూ, "చాలా అందంగా ఉందండీ" అన్నాడట. చిన్నోడు దాన్ని మెచ్చుకోలు అనుకుని ఆయన చీపురు కూడా తెచ్చి పాలిష్ పెట్టి ఇచ్చాడు. మరదలా, నేను ఒక్క ముక్క అయినా కల్పించానా? (కాసేపు ఆగి) చూశారా, చేతులెత్తి దణ్ణం పెడుతోంది.

ఇక్కడ మీ దగ్గర ఏం తక్కువ చేశాడు? ఆ సింహాసనం కథ మీలో పాతవాళ్ళకి గుర్తుండాలి. రాజుగారు కొడుకు పోయాడన్న వార్త విని "అయ్యో" అని సింహాసనం మీద కూలబడాలి. కూలబడ్డారు. అది మా వాడు పాలిష్ పెట్టిన సింహాసనం. కూలబడ్డ మనిషి కూలబడ్డట్టే జారి, మెట్ల మీదుగా దిగి, మంత్రిగారి కాళ్ళ మధ్య ఆగారు. ఆ మంత్రిగారు ఎవరో గానీ మహానుభావుడు, "ప్రభూ, దుఃఖంలో సింహాసనం కూడా మిమ్మల్ని మోయలేకపోయింది" అన్నాడట. జనం ఏడ్చారట! ఆ మాట తర్వాత నాటకంలోనే ఉంచేశారు కదా? ఆ మంత్రిగారే ఇవాళ్టి మన మేనేజరు గారు. (నవ్వులు, చప్పట్లు) కూర్చోండి బాబూ, మీరు లేవకండి, ఆ కుర్చీ కూడా వాడు పాలిష్ పెట్టిందే, జాగ్రత్త.

సరే, ఇక తుపాకీ దగ్గరికి వస్తాను.

కొత్త నాటకం దేని గురించో మీకందరికీ తెలుసు. యుద్ధకాలంలో తుపాకుల ఫ్యాక్టరీలో పనిచేసిన ఆడపిల్లల కథ. అందులో ఒక ఘట్టం ఉంది. పెద్ద పిల్ల అప్పుడే తయారైన తుపాకీని బల్ల మీంచి ఎత్తి, అరచెయ్యి ఒకసారి దాని మీద ఆ చివరి నుంచి ఈ చివరికి పోనిచ్చి, పక్క పిల్లకి అందిస్తుంది. ఆ పిల్ల ఇంకో పిల్లకి. అలా చేతులు మారి వెళ్ళిపోతుంది. అంతే, మాటలు లేవు. ఆ ఘట్టానికి ఒక తుపాకీ కావాలి. దర్శకురాలమ్మ ఒక బొమ్మ తుపాకీ తెప్పించింది. బొమ్మంటే పిల్లల బొమ్మ కాదు, అసలు దానికి అచ్చుగుద్దినట్టు ఉంటుంది, బరువూ అంతే. పేలదు, గొట్టం నిండా ఇనుము పోసి మూసేశారు. దానితో ఈగని కూడా కొట్టలేం, విసిరితే తప్ప.

అయితే వచ్చింది శాంతికాలం మోడల్. అప్పట్లో యుద్ధానికి ముందు తుపాకులు తీరిగ్గా చేసేవాళ్ళు. చెక్క నునుపుగా, నూనె మీద నూనె పట్టించి ఎర్రగా మెరుస్తూ ఉంటుంది. భుజానికి ఆనించే మడమకి ఇత్తడి రేకు. ఇనుమంతా నల్లగా నిగనిగలాడుతుంది. పెట్టె విప్పగానే మా వాడి మొహం చూడాలి మీరు, మా మరదలు చెప్పింది, పెళ్ళిలో తనని చూసినప్పుడు కూడా అంత వెలగలేదట. "దీనికి నేను చెయ్యాల్సింది ఏముంది? గుడ్డతో తుడిచి ఇచ్చేస్తే సరి" అన్నాడట. దర్శకురాలమ్మ "ఇది కాదు మాస్టారూ, ఇది అప్పటిదిలా కనబడాలి" అంది.

అప్పటిది. ఈ ఒక్క మాట దగ్గరే వచ్చింది చిక్కంతా.

అప్పటిది అనగానే వీళ్ళకి ఏం తోచిందంటారు? పాతది అని. మా చిన్నోడూ, అదిగో ఆ స్తంభం చాటుకి జరుగుతున్న రంగులాయనా, ఇద్దరూ కలిసి ఇల్లు పీకి పందిరి వేశారు. బంగారం లాంటి తుపాకీకి తుప్పు పెట్టారు. నిజం తుప్పు కాదు, రంగుతో వేసిన తుప్పు, కానీ ఎంత బాగా వేశారంటే మేనేజరు గారు ముట్టుకుని వేలు చూసుకుని, ఇంజక్షన్ చేయించుకోవాలా అని అడిగారట. చెక్క మీద గొలుసుతో కొట్టి దెబ్బలు పెట్టారు. టీ డికాక్షన్ పోసి నల్లబరిచారు. మడమ దగ్గర ఒక పగులు. పగుల్లో దుమ్ము. ఆ దుమ్ము కూడా జల్లెడ పట్టి పోశారట! మీరందరూ చూసి చప్పట్లు కొట్టారట కదా? కొట్టే ఉంటారు. పనితనం అలాంటిది.

అంతా అయ్యాక వీడికి నేను గుర్తొచ్చాను. ఎందుకంటే ఆ నాటకంలో పిల్లల్లాంటి పిల్లనే నేను ఒకప్పుడు. ఆ తుపాకులు చేసిన బల్లల దగ్గర, చెక్కకి గరుకు కాగితం పట్టే వరసలో, నేనూ నిలబడి పనిచేశాను. "అక్కా, నీకు ఒకటి చూపిస్తాను రా" అని చెయ్యి పట్టుకుని ఇక్కడి పనిగదికే తీసుకొచ్చాడు. కుర్చీ వేశాడు. రంగులాయనా, దర్శకురాలమ్మా, మీలో ఇంకొంతమందీ చుట్టూ చేరారు. తుపాకీ మీద కప్పిన దుప్పటి తీశాడు.

నేను చూశాను. చాలాసేపు చూశాను. వీడు నా మొహంలోకి చూస్తున్నాడు, నేను కళ్ళనీళ్ళు పెట్టుకుంటానని.

"ఏంట్రా ఇది?" అన్నాను.

"అప్పటిది అక్కా. గుర్తుపట్టలేదా?"

"అప్పటిదా? ఏ బావిలోంచి తీశార్రా దీన్ని?"

రంగులాయన కంగారుపడి, "పాతబడినట్టు చేశామమ్మా" అన్నాడు.

అప్పుడు నాకు కోపం వచ్చింది. నాకు ముక్కు మీదే ఉంటుంది లెండి, కానీ ఆ రోజు వచ్చింది వేరే. "ఒరేయ్, మేము తుప్పు తయారుచేశామంట్రా? పొద్దున్నే లేచి, బస్సులో నిలబడి వెళ్ళి, అంతమంది ఆడపిల్లలం పగిలిపోయిన తుపాకులు చేసి పంపామా? మీ నాటకంలో ఆ పిల్ల ఆ తుపాకీని ఎప్పుడు ఎత్తుతుంది? చేసిన రోజే కదా! చేసిన రోజు ఏ వస్తువైనా పాతగా ఉంటుందా? అప్పటిది ఇప్పుడు పాతదేమో గానీ, అప్పట్లో అది కొత్తదిరా, సన్నాసీ!" అన్నాను.

(కాసేపు ఆగి)

ఇంతమంది చదువుకున్నవాళ్ళూ, కళాకారులూ ఉన్న చోట ఒక్కరికీ తట్టలేదు, అందులో వాళ్ళ తప్పేమీ లేదు, ఎందుకంటే నన్ను చూస్తే వాళ్ళకి ముసలమ్మ కనబడుతుంది. ముసలమ్మ చేసిన తుపాకీ ముసలిదే అయ్యుంటుంది అనుకుంటారు. నేనూ ఒక రోజు పొద్దున కొత్తదాన్నే అని ఎవరికి గుర్తుంటుంది? నాకే గుర్తుండదు ఒక్కోసారి. దర్శకురాలమ్మ మాత్రం లేచి వచ్చి నా పక్కన నేల మీద కూర్చుని, "అమ్మా, అప్పటి కొత్తది ఎలా ఉండేదో చెప్పండి" అంది. ఆ ఒక్క మాటకి నాకు ప్రాణం లేచివచ్చింది.

చెప్పాను. శాంతికాలంది తీరిక ఉన్న కొత్తది, యుద్ధకాలంది తీరిక లేని కొత్తది, తేడా అంతే. చెక్కకి గరుకు కాగితంతో ఒక చెయ్యి, నూనె తొట్టిలో ఒక మునక, తీసి బల్ల మీద పడెయ్యడం. ఆరిందా లేదా అని చూసేవాళ్ళు లేరు. ఇత్తడి లేదు, మడమకి ఇనప రేకు ముక్క. ఆకురాయి గీతలు ఎక్కడివక్కడే ఉంటాయి, దిద్దే తీరిక లేదు. నల్ల నిగనిగ బదులు బూడిద రంగు, అదీ అక్కడక్కడా పల్చగా. చెక్క పచ్చిగా తెల్లగా కనబడేది. పచ్చి చెక్క వాసన వేసేది.

చెబుతూ చెబుతూ ఒకచోట నేను తప్పులో కాలేశాను, అది కూడా చెప్పకపోతే చిన్నోడు తర్వాత దెప్పుతాడు. "ఇది పొట్టిగా ఉంది, మా తుపాకీ ఇంకా పొడుగు. నిలబెడితే నా గడ్డం దాకా వచ్చేది" అన్నాను. వీళ్ళు కొలిచారు, బొమ్మలున్న పుస్తకాలు చూశారు, పొడవు సరిగ్గానే ఉందన్నారు. నేను ఒప్పుకుంటానా? నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. ఆఖరికి మా తమ్ముడు మెల్లగా అన్నాడు, "అక్కా, తుపాకీ పొడుగు కాదు. అప్పుడు నువ్వు పొట్టి." (నవ్వులు) ఏడాది మొత్తానికి వాడు మాట్లాడేది ఒక్క మాట, అది నా నెత్తి మీదే వేస్తాడు.

సరే, తుప్పు కడిగేశారు. పగులు పూడ్చారు. రంగులాయన బాధపడ్డాడు పాపం, ఆ దుమ్ము తీసి పొట్లం కట్టి దాచుకున్నాడట. ఇక చెక్క గరుకు చెయ్యాలి. అది చిన్నోడి పని. అక్కడ మొదలయింది అసలు రామాయణం.

వాడి చేత కాలేదు! బతుకంతా నునుపు చేసిన చెయ్యి అది. పొద్దున గరుకు చెయ్యడానికి కూర్చుంటాడు, మధ్యాహ్నానికి అది మళ్ళీ అద్దం అయిపోతుంది. వాడికే తెలియకుండా బొటనవేలు వెళ్ళి ఎగుడుదిగుడు వెతుక్కుంటుంది, దొరకగానే చెయ్యి వెళ్ళి దాన్ని సరిచేసేస్తుంది. పుట్టుకతో వచ్చిన బుద్ధి గురించి ఒక సామెత ఉంది గానీ శుభమా అని సన్మానం జరుగుతుంటే అది అనకూడదు. దర్శకురాలమ్మ చూసి ఏమీ అనలేక నవ్వి వెళ్ళిపోయేది. వాడు ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని తినకుండా, "నేను వెళ్ళిపోయాక అందరూ చూసేది దీన్నే. నా ఆఖరి పని ఇదే. పాలిష్ మాస్టారికి చెయ్యి తప్పింది, అందుకే పంపించేశారు అనుకుంటారు" అన్నాడట. మా మరదలు ఫోన్ చేసి, "వదినా, మీరు వచ్చి కూర్చుంటే తప్ప ఇది అయ్యేలా లేదు" అంది.

వచ్చి కూర్చున్నాను. ఇక్కడి పనిగదిలో, కిటికీ పక్కన స్టూలు వేసుకుని.

మా ఫ్యాక్టరీలో ఒక సూపర్వైజరమ్మ ఉండేది. మనిషి సన్నం, గొంతు మాత్రం సైరన్. బల్లల మధ్య తిరుగుతూ ఉండేది. ఏ పిల్లయినా చెక్క మీద రెండో చెయ్యి వేస్తే చాలు, వెనక నుంచి వచ్చి, "ఏమ్మా, పెళ్ళికూతుర్ని చేస్తున్నావా? చాలు, పంపు!" అని అరిచేది. చాలు, పంపు. రోజంతా అదే వినబడేది. మేము ఇంటికి వెళ్ళేటప్పుడు బస్సు డ్రైవర్ మీద కూడా అరిచేవాళ్ళం, "అన్నా, చాలు, పంపు!" అని. అన్నం ఎక్కువ వడ్డిస్తే అదే మాట, ఎవరైనా ఏడుస్తుంటే అదే మాట. ఒకరినొకరు మేము ఎంత నవ్వించుకున్నామో! యుద్ధం కదా, ఏం నవ్వు అంటారా? ఆడపిల్లలు ఒకచోట చేరితే యుద్ధమైనా కాసేపు పక్కకి జరగాల్సిందే.

నేను స్టూలు మీద కూర్చుని ఆ సూపర్వైజరమ్మని అయిపోయాను. వాడు గరుకు కాగితం తీసి ఒక చెయ్యి వెయ్యగానే, "చాలు, పంపు!"

"ఇంకొక్క చెయ్యి అక్కా."

"పెళ్ళికూతుర్ని చేస్తున్నావట్రా? చాలు, పంపు!"

వాడు కాగితం కింద పెడతాడు. చెయ్యి మాత్రం మళ్ళీ దాని వైపే పాకుతూ ఉంటుంది, మిఠాయి డబ్బా ముందు పిల్లాడిలా. ఇత్తడి రేకు విప్పి దాని చోట ఇనప ముక్క బిగించేటప్పుడు కళ్ళు మూసుకున్నాడు. నేను అబద్ధం చెప్పట్లేదు, కళ్ళు మూసుకునే బిగించాడు. గొట్టం మీద ఆకురాయి గీతలు పెట్టమంటే, నాలుగు పక్కలా చూసి, నేను తప్ప ఎవరూ లేరని నిర్ధారించుకుని, దొంగతనం చేస్తున్నట్టు గీశాడు. గరుకు పని గరుగ్గా చెయ్యడానికి మనిషి అంత కష్టపడటం నేను ఎక్కడా చూడలేదు. చేశాడు. ఆఖరికి ఒకరోజు దాన్ని బల్ల మీద పెట్టి పక్కకి జరిగితే, నేను స్టూలు మీంచి లేచి నిలబడ్డాను. అచ్చం అదే. పచ్చిగా, తెల్లగా, బోసిగా, కొత్తగా. మా బల్ల మీంచి ఇప్పుడే దిగినట్టు.

ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకు వెళతాను, నవ్వుతూ చెప్పలేను దాన్ని. ఆ తుపాకులు ఎక్కడికి వెళ్ళాయో మాకు తెలియదు. ఎవరి చేతికి వెళ్ళాయో, ఎవరి వైపు తిరిగాయో తెలియదు. తెలియకుండానే పంపించాం. తుపాకీ అంటే నాకు ముద్దేమీ లేదు. కానీ ఆ బల్ల చుట్టూ ఉన్న పిల్లలంటే ముద్దు. వాళ్ళలో ఇప్పుడు ఎవరూ లేరు, నేనే మిగిలాను. వాళ్ళ పనిని ఎవరైనా తుప్పు పట్టినట్టు చూపిస్తే ఊరుకోవడం నా వల్ల కాలేదు. అందుకే ఆ రోజు అంత అరిచాను. రంగులాయనా, నువ్వు స్తంభం చాటు నుంచి బయటికి రా నాయనా, నీ మీద కాదు ఆ కోపం.

(కాసేపు ఆగి)

ఇక ఇవాళ పొద్దున జరిగింది చెప్పాలి. ఇది దర్శకురాలమ్మకి కూడా తెలియదు. చిన్నోడా, అలా చూడకు, చెప్పే తీరతాను.

దర్శకురాలమ్మ నన్ను అడిగాక, నేను పనిగదికి వెళ్ళాను. వీడు లేడు, ఎవరో పూలగుత్తి ఇస్తామని పిలిస్తే వెళ్ళాడు. తుపాకీ బల్ల మీద ఉంది. నేను దాని దగ్గర నిలబడ్డాను. నాటకంలో ఆ పిల్ల చేసినట్టే, మేమందరం అప్పట్లో చేసినట్టే, అరచెయ్యి ఆ చివరి నుంచి ఈ చివరికి పోనిచ్చాను. పోనిస్తూ పళ్ళు బిగపట్టాను. ఎందుకో తెలుసా? పేడు గుచ్చుకుంటుంది కదా. అంత గరుకు చెక్క మీద చెయ్యి పోనిస్తే పేడు దిగకుండా ఉండదు. మా అందరి అరచేతులూ అప్పట్లో పేళ్ళతో నిండి ఉండేవి. ఇంటికొచ్చి ముద్ద కలుపుకోలేకపోయేదాన్ని.

చెయ్యి ఈ చివరికి వచ్చేసింది. ఏమీ గుచ్చుకోలేదు.

మళ్ళీ పోనిచ్చాను. కళ్ళకేమో గీతలు కనబడుతున్నాయి, పోగులు లేచినట్టే ఉన్నాయి, అరచేతికి మాత్రం పట్టులా తగులుతోంది. ఇంతలో వీడు పూలతో లోపలికి వచ్చాడు.

"ఏం చేశావురా దీనికి?" అన్నాను.

దొరికిపోయిన మొహం పెట్టాడు. "గీతలన్నీ ఉన్నాయి అక్కా. ఒక్కటీ చెరపలేదు. గీత గీతకీ అంచుల పదును తీశాను, అంతే. మైనం గుడ్డతో. ముందు వరసలో కూర్చున్నవాళ్ళకి కూడా తెలియదు."

"నేను చాలు, పంపు అంటే ఆపేశావు కదా?"

"నువ్వు ఇంటికెళ్ళాక చేశాను" అన్నాడు. తర్వాత నేల చూస్తూ అన్నాడు, "అప్పటిదిలా ఉండాల్సింది కళ్ళకి కదా అక్కా. చేతికెందుకు? రోజూ ఆ పిల్ల దాన్ని పట్టుకోవాలి."

అమ్మలారా, అయ్యలారా, నాకు నోట మాట రాలేదు. నాకు! (నవ్వులు) నవ్వకండి, నిజం చెబుతున్నాను.

ఎందుకంటే నాకు అప్పుడు వీడి గోళ్ళు గుర్తొచ్చాయి. నేను ఫ్యాక్టరీకి వెళ్ళేనాటికి వీడికి ఇంకా మాటలు సరిగ్గా రావు. నేను ఇంటికి రాగానే గుమ్మంలో కూర్చోబెట్టి, నా అరచెయ్యి తన ఒళ్ళో పెట్టుకుని, ఆ చిన్న గోళ్ళతో పేళ్ళు తీసేవాడు. మా అమ్మకి చూపు ఆనేది కాదు, నాకు ఎడమ చేత్తో చేతనయ్యేది కాదు. వీడి గోళ్ళు సన్నగా ఉండేవి, సరిగ్గా పట్టేవి. ఒక్కొక్కటి తీసి, ఉఫ్ అని ఊది, ఇంకోటి వెతికేవాడు. అన్నీ అయ్యాక బొటనవేలితో అరచేతి మీద నిమిరి చూసి, "నున్నగా ఉంది అక్కా" అనేవాడు. వాడికి బాగా వచ్చిన మొదటి మాట అదే. నున్నగా.

ఇన్నేళ్ళూ నేను వీడి పాలిష్‌ని పిచ్చి అనే అనుకున్నాను. ఇందాక మీ ముందు కూడా ఆ మాటే అన్నాను. పిచ్చి కాదమ్మా. ఈ రంగశాలలో ఎంతమంది ఎన్ని కత్తులు పట్టారు, ఎన్ని కుర్చీలు మోశారు, ఎన్ని తలుపులు నెట్టారు! ఎవరికైనా ఒక్క పేడు గుచ్చుకుందా? గుచ్చుకున్నవాళ్ళు చెయ్యెత్తండి. (కాసేపు ఆగి) లేవలేదు చూశారా, ఒక్క చెయ్యి కూడా. వీడు నా అరచెయ్యి వదిలిపెట్టలేదు. ఆ రోజు నుంచీ దాన్నే నిమురుతున్నాడు. (చప్పట్లు)

ఇదిగో, చప్పట్లు చాలు. వీడు ఏడిస్తే నేను చూడలేను. అసలు పనికి వస్తాను.

చిన్నోడా, లే. లే, నిలబడు. ఆ గుడ్డ విప్పు. నిన్ను ఈ సభలో అందరూ పెద్దవాడు అంటున్నారు, విశ్రాంతి అంటున్నారు, ఆరోగ్యం జాగ్రత్త అంటున్నారు, నువ్వు కూడా నమ్మేసి నడుం వంచి కూర్చున్నావు. కొత్తొక వింత, పాతొక రోత అంటారు గానీ, నువ్వు పాతవాడివి కాదురా. నువ్వూ యుద్ధకాలం మోడల్‌వే. నెలలు నిండకుండా తొందరలో పుట్టావు, చుట్టడానికి మెత్తటి గుడ్డ కూడా లేదు, మంత్రసాని నిన్ను చూసి "కొంచెం తొందరలో చేశారమ్మా" అని నవ్వింది. దిద్దడానికి ఎవరికీ తీరిక లేకపోయింది. నిన్ను నువ్వే దిద్దుకున్నావు. నువ్వు పాతవాడివి కాదు, అప్పటివాడివి. అప్పటిది ఎలా ఉంటుందో ఈ హాల్లో అందరికీ ఇప్పుడు తెలుసు.

నీ ఆఖరి పనిలో నీ పనితనం కనబడదని కదా నీ బాధ? కనబడదు. నిజమే. ముందు వరసలో కూర్చున్నవాళ్ళకి కూడా కనబడదని నువ్వే అన్నావు. కానీ రేపు సాయంత్రం ఆ పిల్ల దాన్ని ఎత్తి అరచెయ్యి పోనిస్తుంది, పక్క పిల్లకి ఇస్తుంది, ఆ పిల్ల ఇంకో పిల్లకి. వాళ్ళందరి అరచేతులకీ తెలుస్తుంది. ముందు వరసలో నేను కూర్చుంటాను, నా అరచేతికీ తెలుస్తుంది. ఇంకెంతమందికి తెలియాలిరా నీకు?

దర్శకురాలమ్మా, ఇలా రా తల్లీ. చేతులు చాపు.

చిన్నోడా.

"ఇంకొక్క చెయ్యి అక్కా" అంటున్నాడు! మైకులో వినబడిందా మీకు? (నవ్వులు) లేదురా. అయిపోయింది. పెళ్ళికూతుర్ని చెయ్యకు. అందరూ అనండి నాతో, మా సూపర్వైజరమ్మ గొంతుతో అనండి, వీడికి వినబడాలి:

చాలు, పంపు!

(సభ అంతా: "చాలు, పంపు!" మాస్టారు తుపాకీని దర్శకురాలికి అందించారు. చాలాసేపు చప్పట్లు.)

ఇచ్చేశాడు. చూశారా, ఇచ్చేశాడు! చేతులు ఖాళీ అయ్యేసరికి ఏం చెయ్యాలో తెలియట్లేదు పాపం. ఇటు రా, ఇదిగో నా చెయ్యి, ఇది పట్టుకో. ఇందులో ఇప్పుడు పేళ్ళు లేవు గానీ ముడతలు బోలెడు ఉన్నాయి, తీరిగ్గా నిమురుదువుగాని.

నన్ను పిలిచి మైకు ఇచ్చి, తర్వాత పశ్చాత్తాపపడ్డ మేనేజరు గారికి, కొత్తది ఎలా ఉండేదని నన్ను అడిగిన దర్శకురాలమ్మకి, దుమ్ము పొట్లం దాచుకున్న రంగులాయనకి, జారే ఇంట్లో ఇన్నేళ్ళు గోడ పట్టుకుని నడిచిన మా మరదలికి, బస్సు పోయినా లేవని మీ అందరికీ నా కృతజ్ఞతలు. ఇంకా చెప్పాలని ఉంది గానీ, నేను నేర్పిన మాట నాకే తగులుతుంది. ఇక నన్ను కూడా పంపండి. సెలవు.